ఉప్పుమడుల్లో ఫ్లెమింగోలు, దమ్ముచేలలో కొంగలు



దక్షిణ ఐరోపాకు పక్షులను చూడటానికి బయలుదేరే వాళ్లు చాలామంది మనిషి అడుగుపెట్టని చిత్తడి నేలలను ఊహించుకుంటారు. తీరా వెళ్లాక ఎదురయ్యేవి ఉప్పుమడులు, వరిచేలు, పందులు మేసే బీళ్లు. బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఎక్కడ నిలబడినా అది ఎవరో ఒకరి పని సాగే చోటే అవుతుంది. స్పెయిన్, పోర్చుగల్, ఫ్రాన్స్ దక్షిణ తీరం, గ్రీసు, అంతటా ఇదే వరస. అందుకని అక్కడ పక్షి కనిపించాలంటే ముందు ఆ ఊళ్లో నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో, ఏ నెలలో మడికి వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో తెలియాలి. పక్షుల పుస్తకం తెరవడం ఆ తర్వాతి పని.

ముందుగా ఫ్రాన్స్‌లోని కమార్గ్ సంగతి. ఆర్ల్ పట్నం దగ్గర రోన్ నది రెండు పాయలుగా చీలి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. ఆ రెండు పాయల నడుమ పరుచుకున్న డెల్టాయే కమార్గ్. తెల్ల గుర్రాలకు, నల్ల ఎద్దులకు అది పేరు మోసిన సీమ. వరి కూడా పండుతుంది. సముద్రం వైపు నడిస్తే సలాన్-ద-జిరో అనే ఉప్పు ఊరు వస్తుంది. అక్కడ వసంతంలో సముద్రపు నీటిని పంపులతో తోడి మొదటి మడికి ఎక్కిస్తారు. అక్కడి నుంచి రెండో మడికి, మూడో మడికి వదులుతూ పోతారు. ఎండకు, మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలికి నీరు ఆవిరై, మడి మడికీ ఉప్పు చిక్కబడుతుంది. చివరి మడుల్లో నీళ్లు గులాబి రంగుకు తిరుగుతాయి. ఆ రంగు ఉప్పునీటిలో పెరిగే ఒక రకం నాచుది. మధ్య మడుల్లోని ఉప్పదనం చేపకు పనికిరాదు కానీ ఉప్పునీటి రొయ్యకు సరిగ్గా సరిపోతుంది. గింజంత ఉండే ఆ రొయ్య నాచును తింటుంది, ఫ్లెమింగో ఆ రొయ్యను తింటుంది. నాచులోని రంగే చివరికి ఫ్లెమింగో ఈకల్లోకి చేరుతుంది.

ఫ్లెమింగో మేతకు దిగినప్పుడు తలను తలకిందులు చేసి ముక్కును నీటిలో ముంచుతుంది. నాలుక చకచకా ఆడుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచున ఉండే సన్నని జల్లెడ లాంటి పొరకు రొయ్యలు చిక్కుకుంటాయి. టెలిస్కోప్‌లో చూస్తే గొంతు అదిరే తీరు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. వందల పక్షులు మేస్తుంటే బాతుల మందలో వినిపించే గలగల లాంటి చప్పుడు ఆగకుండా సాగుతూ ఉంటుంది. నెల్లూరు వైపు వాళ్లకు ఈ చప్పుడు కొత్త కాదు. పులికాట్ సరస్సులో చలికాలం దిగే పెద్ద ఫ్లెమింగో, కమార్గ్‌లో గూడు కట్టే ఫ్లెమింగో ఒకే జాతివి.

మధ్యధరా ప్రాంతంలో వేసవి వచ్చిందంటే వాన ఉండదు. సహజమైన మడుగులు ఎండి నెర్రెలిస్తాయి. సరిగ్గా ఆ నెలల్లోనే ఉప్పు కంపెనీ పంపులు నీళ్లు తోడుతూ ఉంటాయి. పిల్లలను పెంచే పక్షికి నమ్మకంగా నీళ్లు దొరికే ముఖ్యమైన చోటు అదే. కాబట్టి అక్కడ ఫ్లెమింగో బతుకు ఉప్పు కార్మికుడి పనిమీద ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు.

ఈ ముడి ఎంత గట్టిదో 1960లలో బయటపడింది. ఫ్లెమింగో గూడు కట్టేది నీళ్ల మధ్య ఉన్న లంక మీద. బురదను ముక్కుతో లాగి చిన్న దిబ్బలా పేర్చి, దాని నడినెత్తిన ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కమార్గ్‌లోని పాత లంకలు అలల కోతకు అరిగిపోయాయి. కిందుగా ఎగిరే విమానాల బెడద, గుడ్లు ఎత్తుకుపోయే సముద్రపు కాకుల బెడద తోడయ్యాయి. 1962 నుంచి 1968 దాకా అక్కడ ఫ్లెమింగోలు పిల్లల్ని చేయనే లేదు. అప్పుడు ముందుకు వచ్చింది తూర్ ద్యు వలా అనే పరిశోధన కేంద్రం. లూక్ హాఫ్‌మన్ అనే స్విస్ పక్షి శాస్త్రజ్ఞుడు 1954లో దాన్ని నెలకొల్పాడు. మందుల కంపెనీ యజమానుల కుటుంబంలో పుట్టి, తన డబ్బునూ జీవితాన్నీ చిత్తడి నేలలకు ఇచ్చిన మనిషి ఆయన. ఉప్పు కంపెనీతో మాట్లాడి 1970లో ఫాంగసియే అనే ఉప్పు చెరువు మధ్యలో మట్టితో ఒక లంక పోయించారు. లంక సిద్ధమైనా పక్షులు రాలేదు. మనుషులే బురదతో గూళ్ల దిబ్బలు చేసి పెట్టారు. అప్పటికే ఎవరో కాపురం ఉన్నట్టు కనిపిస్తే పక్షికి ధైర్యం వస్తుందని వాళ్ల నమ్మకం. 1974లో ఫ్లెమింగోలు వచ్చి ఆ లంక మీద గుడ్లు పెట్టాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడ వేల జతలు, మంచి ఏడాదిలో పదివేలు దాటిన జతలు, పిల్లల్ని లేపాయి.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఉప్పు గిరాకీ తగ్గి కంపెనీ తన మడుల్లో పెద్ద భాగాన్ని అమ్మేసింది. తీర భూములను కాపాడే ప్రభుత్వ సంస్థ వాటిని కొన్నది. పంపులు ఆగిన చోట సముద్రం తన దారిన తాను వచ్చిపోతోంది. ప్రకృతికి మంచిదేనని కొందరన్నారు, నిజమే కూడా. కానీ ఫ్లెమింగోలు మాత్రం పంపులు ఇంకా ఆడుతున్న ఎగ్-మోర్త్ ఉప్పుమడుల వైపు తరలిపోయాయి.

హాఫ్‌మన్ చేసిన ఇంకో పని ఇక్కడ చెప్పుకోవాలి. 1962లో కమార్గ్ తీరంలోని సాంత్-మరీ-ద-లా-మేర్ అనే చిన్న ఊళ్లో చిత్తడి నేలల మీద ఒక అంతర్జాతీయ సమావేశం ఏర్పాటు చేయించాడు. దేశాల మధ్య ఒక ఒప్పందం కావాలన్న మాట అక్కడే బయలుదేరింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1971 ఫిబ్రవరి 2న, ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో ఆ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 2002లో కొల్లేరుకు దక్కిన రామ్‌సర్ గుర్తింపు ఆ ఒప్పందం కిందదే.

పక్షి ఎక్కడికి పోతోందో తెలియకుండా దాన్ని కాపాడటం కుదరదు. అందుకే 1977 నుంచి కమార్గ్‌లో ఆలన్ జాన్సన్, ఆయన తోటివాళ్లు ఫ్లెమింగో పిల్లల కాళ్లకు ప్లాస్టిక్ ఉంగరాలు తొడగడం మొదలుపెట్టారు. ఉంగరం మీద పెద్ద అక్షరాలు చెక్కి ఉంటాయి. టెలిస్కోప్ ఉన్న వాళ్లు రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచే వాటిని చదవగలరు. పక్షిని మళ్లీ పట్టుకోనక్కర్లేదు. స్పెయిన్‌లో ఒక స్కూలు మాస్టారు, ట్యునీషియాలో ఒక విద్యార్థి, టర్కీలో ఒక రైతు, ఇలా ఎవరు చదివి రాసి పంపినా అది లెక్కలోకి చేరుతుంది. అలా చేరిన ఉంగరాల లెక్కల వల్ల మధ్యధరా చుట్టూ ఉన్న ఫ్లెమింగోల గుంపులు వేర్వేరు కావని, ఒకదానితో ఒకటి రాకపోకలు ఉన్న ఒకే పెద్ద సంసారమని తేలింది. నలభై ఏళ్లు దాటి బతికే పక్షులున్నాయని కూడా ఆ ఉంగరాలే చెప్పాయి.

స్పెయిన్ దక్షిణాన మాలగా జిల్లాలో ఫ్వెంతే దె పియెద్రా అనే ఉప్పు సరస్సు ఉంది. ఏ నదీ దాని నుంచి బయటికి పోదు. వాన పడితే నిండుతుంది, వేసవికి తెల్లటి ఉప్పు పొరగా మిగులుతుంది. ఒకప్పుడు అక్కడ ఉప్పు తీసేవారు. ఆ మడుల కోసం కట్టిన పాత గట్ల మీదే ఇప్పుడు ఫ్లెమింగోలు వేలల్లో గూళ్లు కడతాయి. పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చే నాటికి సరస్సులో మేత అయిపోవస్తుంది. అప్పుడు తల్లీ తండ్రీ వంతులు వేసుకుని నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల దూరంలోని గ్వాదల్కివిర్ నది చిత్తడికి రాత్రి వేళ ఎగిరివెళ్లి, కడుపు నింపుకుని తిరిగి వస్తాయి. పిల్లకు పెట్టేది చేపనో రొయ్యనో కాదు, గొంతులో ఊరే ఎర్రటి పాలు. తల్లి లేని వేళల్లో వేల పిల్లలు బూడిద రంగు మందగా ఒకచోట చేరతాయి. వాటి మధ్య నుంచి తల్లి తన పిల్లను అరుపును బట్టి గుర్తుపడుతుంది. నీళ్లు నిలిచిన ఏడాది వేసవిలో ఒక తెల్లవారుజామున వందల మంది స్వచ్ఛంద కార్యకర్తలు అక్కడికి వచ్చి, చేతులు చేతులు పట్టుకుని వలయం కట్టి, పిల్లలను నెమ్మదిగా దొడ్డిలోకి మళ్లిస్తారు. ఎండ ఎక్కకముందే ఉంగరాలు తొడిగి, తూకం వేసి వదిలేస్తారు.

ఉప్పు తర్వాత వరి. స్పెయిన్ తూర్పు తీరంలో ఎబ్రో నది డెల్టా ఉంది. దాదాపు 20 వేల హెక్టార్ల వరి అక్కడ. ఏప్రిల్‌లో కాలువలు వదులుతారు, సెప్టెంబరులో కోతలు. గోదావరి జిల్లాల వాళ్లు ఆ డెల్టాలోకి అడుగుపెడితే కాలువలు, తూములు, గట్లు అన్నీ చూసిన వాటిలాగే ఉంటాయి, ఒక్క కొబ్బరిచెట్టు తప్ప. కోతలయ్యాక అక్కడి రైతులు చేలను ఎండనివ్వరు. మళ్లీ నీళ్లు పెట్టి, ఇనుప చక్రాల ట్రాక్టర్‌తో వరి మోళ్లను బురదలోకి తొక్కించి దమ్ము చేస్తారు. దక్షిణ ఐరోపాలో పక్షులను చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ట్రాక్టర్ కదలగానే తెల్ల కొంగలు, నారాయణ పక్షులు, నల్లటి కంకణ పక్షులు, సముద్రపు కాకులు వందల్లో వెంటపడతాయి. చక్రం తిరగేసిన బురదలోంచి పురుగులు, కప్పలు, పీతలు పైకి వస్తాయి. కొంగలు చక్రానికి మూరెడు దూరంలో నడుస్తూ ఉంటాయి, డ్రైవరు వెనక్కి తిరిగి చూడనైనా చూడడు. దారి పక్కన కారు ఆపి, కిటికీ దించుకుని కూర్చుంటే చాలు. మనిషి దిగితే ఎగిరిపోయే పక్షి కారును పట్టించుకోదు.

చలికాలం దాకా చేలలో నీళ్లు నిలిపి ఉంచిన రైతులకు ఐరోపా వ్యవసాయ నిధుల నుంచి కొంత సొమ్ము ముడుతుంది. 1954లో పుట్టిన స్పెయిన్ పక్షి సంఘం ఎస్ఈఓ డెల్టాలో తనే రసాయనాలు లేని వరి పండించి అమ్ముతోంది. పక్షి ప్రేమికులు రైతుకు చెప్పడం మాని తామే రైతులు కావడం అన్నింటికన్నా మెచ్చుకోదగిన పని.

పోర్చుగల్‌లో లిస్బన్ పక్కన తేజో నది సముద్రంలో కలిసే చోట కూడా ఇలాంటి వరిచేలే ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నల్లతోక గాడ్‌విట్ పిట్టలు అక్కడ పదుల వేలల్లో దిగుతాయి. పొడవాటి ముక్కును బురదలోకి కళ్ల దాకా దించి, కోతల్లో రాలిన వడ్లు ఏరుకుని తింటాయి. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చి, ఇక్కడ బలం పుంజుకుని, గూడు కట్టడానికి నెదర్లాండ్స్ పచ్చిక బయళ్లకు వెళతాయి. నెదర్లాండ్స్‌కు అది జాతీయ పక్షి. ఈ నదీముఖం అంచున మోంతీజో దగ్గర లిస్బన్‌కు కొత్త విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగింది. పక్షి శాస్త్రజ్ఞులు, సంఘాలు కోర్టులకెక్కారు. 2024లో ప్రభుత్వం ఆ చోటు వదిలి వేరే స్థలం ఎంచుకుంది. ఎక్కడెక్కడ ఎన్ని గాడ్‌విట్లు దిగుతాయో ఏటేటా లెక్కపెట్టిన వాళ్ల నోట్‌బుక్కులు లేకపోతే ఆ వాదన నిలబడేది కాదు.

గ్వాదల్కివిర్ వరిచేలలో ఇంకొక వింత ఉంది. 1974లో అమెరికాలోని లూసియానా నుంచి ఎర్ర మంచినీటి రొయ్యలను తెచ్చి అక్కడ వదిలారు. పెద్ద గోళ్లున్న ఆ జీవి గట్లకు బొరియలు పెట్టింది, నీటి మొక్కలను తినేసింది, స్థానిక జీవాలను తరిమింది. నష్టం చాలానే జరిగింది. అయితే కొంగలకు, కంకణాలకు, నీటిపిల్లులకు అదే ముఖ్యమైన మేత అయింది. నల్ల కంకణం ఒకప్పుడు ఆ చిత్తడిలో గూడు కట్టడమే మానేసింది. 1996లో కొద్ది జతలతో తిరిగి వచ్చి ఇప్పుడు వేల జతలైంది. ఇది మంచా చెడా అని ఒక్క ముక్కలో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఇక దోన్యానా. సెవిల్ నగరానికి దిగువన గ్వాదల్కివిర్ నది నోట ఉన్న ఈ చిత్తడిని ఐరోపా పక్షి ప్రేమికులు తీర్థయాత్రగా భావిస్తారు. 1950లలో దీన్ని ఎండగట్టి యూకలిప్టస్ నాటాలన్న ఆలోచనలు నడిచాయి. హొసే అంతోనియో వాల్వెర్దే అనే స్పానిష్ జీవశాస్త్రజ్ఞుడు అడ్డం తిరిగాడు. ఇంగ్లండ్ నుంచి గై మౌంట్‌ఫర్ట్ పరిశోధక బృందాలను తీసుకొచ్చి, ఈ నేల గురించి పుస్తకం రాసి లోకానికి చాటాడు. హాఫ్‌మన్ వీళ్లతో కలిశాడు. 1961లో వచ్చిన ప్రపంచ వన్యప్రాణి నిధి తొలి రోజుల్లోనే ఇక్కడ భూమి కొనడానికి చందాలు పోగుచేసింది. 1969లో దోన్యానా జాతీయ ఉద్యానవనమైంది. ముందు పక్షులను చూడటానికి వచ్చినవాళ్లు, తర్వాత ఆ నేల కోసం నిలబడినవాళ్లు అయ్యారు.

ఎల్ రొసియో అనే ఊరి నుంచి దోన్యానాను చూడటం తేలిక. ఊళ్లో తారు రోడ్లు ఉండవు, వీధులన్నీ ఇసుకే. ఇళ్ల ముందు గుర్రాలు కట్టడానికి కర్రలు పాతి ఉంటాయి. తెల్లటి చర్చి ఎదురుగానే మడుగు. వాన బాగా పడిన ఏడాది ఆ ఒడ్డున బల్లమీద కూర్చుంటే ఫ్లెమింగోలు, తెడ్డుమూతి కొంగలు, పొడవైన గులాబి కాళ్ల స్టిల్ట్ పిట్టలు, బాతులు టికెట్ లేకుండా కనిపిస్తాయి. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు జరిగే అమ్మవారి జాతరకు మాత్రం లక్షల జనం బళ్ల మీద, గుర్రాల మీద తరలివస్తారు. పక్షుల కోసం వెళ్లేవాళ్లు ఆ రోజులు తప్పించుకోవడం మేలు.

ఇంత చేసినా దోన్యానాకు రెండు పెద్ద దెబ్బలు తగిలాయి. మొదటిది ఒక్క రాత్రిలో జరిగింది. 1998 ఏప్రిల్ 25న ఎగువనున్న అస్నాల్‌కోయర్ గనిలో వ్యర్థాలు నిలవ చేసే కట్ట తెగింది. విషపు బురద, ఆమ్లపు నీరు లక్షల ఘనపు మీటర్లు గ్వాదియామర్ నదిలోకి దూకాయి. హడావుడిగా కట్టలు వేసి జాతీయ ఉద్యానవనం నడిబొడ్డుకు రాకుండా మళ్లించగలిగారు కానీ, చేపలు టన్నుల్లో చచ్చాయి, పొలాలు పాడయ్యాయి. తర్వాత ఆ బురదను ఎత్తి, ఆ పొలాలను ప్రభుత్వం తీసుకుని, నది పొడవునా పచ్చని దారిగా మార్చింది.

రెండోది మెల్లగా, కంటికి కనపడకుండా జరుగుతోంది. దోన్యానాలో రెండు రకాల నీళ్లున్నాయి. బంకమట్టి చిత్తడి వాననీటితో, వాగులతో నిండుతుంది. ఇసుక నేలల్లోని మడుగులు మాత్రం భూమి అడుగున ఉన్న నీరు పైకి ఊరితేనే బతుకుతాయి. ఆ నీటినే పక్కనున్న ఊయెల్వా ప్రాంతంలోని స్ట్రాబెర్రీ తోటలు బోర్లతో తోడుతున్నాయి. స్పెయిన్ స్ట్రాబెర్రీల్లో తొంభై శాతానికి పైగా అక్కడివే. చలికాలంలోనే ఐరోపా దుకాణాల్లో కనిపించే ఎర్రటి పళ్లు. బోర్లలో చాలా వాటికి అనుమతి లేదు. 2021 జూన్‌లో ఐరోపా న్యాయస్థానం, దోన్యానా భూగర్భ జలాన్ని కాపాడటంలో స్పెయిన్ విఫలమైందని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది కరువు తోడై, ఎప్పుడూ నీళ్లుండే పెద్ద మడుగుగా పేరున్న సాంత ఒలాయా 2022 వేసవి చివర పూర్తిగా ఎండింది. 2023లోనూ ఎండింది. ఆ ఏడాది చివర కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 140 కోట్ల యూరోల ప్రణాళిక మీద సంతకం చేశాయి. నీరు తక్కువ తాగే పంటకు మారిన, లేదా సాగు మానిన రైతుకు పరిహారం ఇవ్వడం అందులో ముఖ్యమైన అంశం. రైతును దోషిని చేసి వదిలేయకుండా డబ్బు పెట్టి ఒప్పించడం ఆలస్యంగానైనా సరైన దారి. తర్వాత మంచి వానలు పడి చిత్తడి మళ్లీ నిండిన మాట నిజమే. కానీ అడుగున తగ్గిన నీరు ఒక వానాకాలంతో తిరిగి రాదు.

నీటి నుంచి మెట్టకు వెళదాం. స్పెయిన్ పశ్చిమాన ఎస్త్రెమదూరా. పచ్చిక బయలు మధ్య దూరం దూరంగా ఓక్ చెట్లు, వాటి కింద పశువులు, గొర్రెలు, నల్ల పందులు. కార్క్ ఓక్ చెట్టు బెరడును తొమ్మిదేళ్లకోసారి ఒలిచి సీసా బిరడాలు చేస్తారు. శరదృతువులో ఓక్ కాయలు రాలుతాయి. వాటి కోసం పందులూ వస్తాయి, ఉత్తర ఐరోపా నుంచి క్రౌంచ పక్షులూ వస్తాయి. కొన్ని చలికాలాల్లో ఒక్క ఎస్త్రెమదూరాలోనే లక్షకు పైగా క్రౌంచాలు ఉంటాయి. పగలు చెట్ల కింద, మొక్కజొన్న మోళ్లలో మేసి, పొద్దు వాలగానే బారులు కట్టి చెరువుల వైపు వస్తాయి. కంచు బూర ఊదినట్టున్న ఆ అరుపు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. అక్కడే ఉండే స్టార్క్ కొంగకు మాత్రం అసలు గొంతే లేదు. ముక్కు రెండు భాగాలనూ టకటకా కొట్టి చప్పుడు చేస్తుంది. ట్రుహీయో, కాసెరెస్ పట్నాల్లో చర్చి గోపురాల మీద గూళ్లు ఉంటాయి, కింద సంతలో బేరాలాడే వాళ్లకు ఆ టకటక వినిపిస్తూనే ఉంటుంది.

ఈ మెట్ట పొలాల్లోనే గ్రేట్ బస్టర్డ్ అనే పెద్ద బట్టమేక పిట్ట ఉంది. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. ప్రపంచంలో మిగిలిన వాటిలో సగానికి పైగా స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లోనే ఉన్నాయి. వర్షాధారపు గోధుమ, మధ్యలో ఒక ఏడాది బీడు, గొర్రెల మేత అనే పాత పద్ధతి మిగిలిన చోటే ఇది నిలిచింది. కర్నూలు వైపు రోళ్లపాడులో దీని బంధువైన బట్టమేక పిట్ట దాదాపు కనుమరుగైన సంగతి తెలిసిన వాళ్లు ఈ మాటను తేలిగ్గా తీసుకోలేరు. పాలపిట్టకు దగ్గరి చుట్టమైన నీలి రోలర్ కూడా వేసవిలో ఇక్కడికి ఆఫ్రికా నుంచి వస్తుంది. తొర్రలున్న ముసలి చెట్లు తగ్గిపోవడంతో కరెంటు స్తంభాలకు చెక్క పెట్టెలు కడుతున్నారు. అది వాటిలో కాపురం పెడుతోంది.

ఆలివ్ తోటల సంగతి బాధ కలిగిస్తుంది. కొత్తరకం తోటల్లో చెట్లు కంచెలా దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటి మీదుగా పోయే యంత్రం కాయలను దులిపి లాగేసుకుంటుంది. రాత్రి చల్లదనంలో కోస్తే నూనె సువాసన నిలుస్తుందని రాత్రిళ్లు కోతలు పెట్టారు. ఉత్తరం నుంచి చలికాలానికి వచ్చి ఆ కొమ్మల్లో నిద్రపోయే పాటపిట్టలు దీపాల వెలుగుకు కళ్లు చెదిరి, ఎటూ ఎగరలేక యంత్రంలో పడి లక్షల సంఖ్యలో చనిపోయాయి. సంగతి బయటపడ్డాక దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలోనూ, పోర్చుగల్‌లోనూ రాత్రి యంత్రపు కోతలు ఆపించారు. పగలు కోస్తే పిట్ట తప్పించుకుంటుంది. గడియారంలో వేళ మార్చినంత మాత్రాన ఇన్ని ప్రాణాలు దక్కాయి.

గ్రీసులో కెర్కినీ సరస్సు చిత్తడిలా కనిపిస్తుంది కానీ, అది 1932లో స్త్రిమోన్ నదికి కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడిన జలాశయం. గేదెలు నీళ్లలో పడుకుని ఉంటాయి. చలికాలం బెస్తలు పడవలోంచి చేపలు విసిరితే మూడు మీటర్ల రెక్కలు చాచి డాల్మేషియన్ పెలికాన్లు దూసుకువస్తాయి. వాటి కోసం నీళ్ల మధ్య చెక్క మంచెలు కట్టారు. కొల్లేరు ఆటపాకలో గూడబాతులకు కట్టిన ఇనుప స్టాండ్లు చూసిన వాళ్లకు ఆ ఉపాయం వెంటనే అర్థమవుతుంది. గ్రీసు వాయవ్య మూలన ఉన్న ప్రెస్పా సరస్సులో ఈ పక్షికి ప్రపంచంలోకెల్లా పెద్ద స్థావరం ఉండేది. 2022 తొలి నెలల్లో బర్డ్ ఫ్లూ సోకి అక్కడ వెయ్యికి పైగా పెలికాన్లు కొద్ది వారాల్లో చనిపోయాయి. ముప్పై ఏళ్ల శ్రమతో పెంచిన గుంపు అది.

ఆగస్టులో దక్షిణ స్పెయిన్‌కు వెళ్లే వాళ్లు తరీఫా చూడకుండా రాకూడదు. అక్కడ ఐరోపాకు, ఆఫ్రికాకు మధ్య సముద్రం పద్నాలుగు కిలోమీటర్లే. గద్దలు, స్టార్క్ కొంగలు రెక్కలు కొట్టి దూరం పోవు. వేడెక్కిన నేల నుంచి లేచే గాలి మీద తేలుతూ పోతాయి. సముద్రం మీద అలాంటి గాలి లేవదు. అందుకే పడమటి ఐరోపా గద్దల్లో చాలావరకు ఈ ఇరుకు దారికే చేరతాయి. తూర్పు నుంచి లెవాంతె గాలి బలంగా వీస్తే దాటలేక వేల పక్షులు కొండల మీద కూర్చుండిపోతాయి. గాలి తగ్గిన ఉదయం ఒక్కసారిగా లేస్తాయి. ఒక సీజన్‌లో లక్షకు పైగా నల్లగద్దలు దాటుతాయి. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ చేపల మార్కెట్ పైన తిరిగే గద్ద జాతే అది.

ఇటలీలో మెస్సీనా జలసంధి కూడా ఇలాంటి దారే, కానీ అక్కడ వసంతంలో తేనె గద్దల కోసం తుపాకులు కాచుకుని ఉండేవి. ఏటా ఒక్క గద్దనైనా కొట్టలేని మగవాడి భార్య అతన్ని మోసం చేస్తుందన్న మూఢనమ్మకం ఒకటి ఆ తీరంలో పాతుకుపోయింది. అన్నా జోర్దానో అనే సిసిలీ అమ్మాయి పదిహేనేళ్ల వయసులో ఆ వేటను కళ్లారా చూసింది. కొండ మీద శిబిరం పెట్టి, స్నేహితులను పోగుచేసి, దాటే ప్రతి గద్దనూ, పేలే ప్రతి తూటానూ రాసి పోలీసులకు అందించింది. బెదిరింపులు వచ్చాయి. 1986లో ఆమె కారుకు నిప్పు పెట్టారు. ఆమె శిబిరం ఎత్తేయలేదు. వేట బాగా తగ్గింది. 1998లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది.

తూటా తగలకపోయినా చంపుతుంది. వేటగాళ్లు వాడే సీసపు గుళ్లు మడుగు అడుగున పడి దశాబ్దాలు ఉంటాయి. మేత అరగడానికి ఇసుక రాళ్లు మింగే ఫ్లెమింగో వాటినీ మింగుతుంది. 2021 తొలి నెలల్లో సైప్రస్‌లోని లార్నాకా ఉప్పు సరస్సులో పదుల సంఖ్యలో ఫ్లెమింగోలు ఇలా సీసం విషానికి చచ్చాయి. 2023 ఫిబ్రవరి 15 నుంచి ఐరోపా సమాఖ్య చిత్తడి నేలల్లో సీసపు గుళ్లు వాడటాన్ని నిషేధించింది.

వెళ్లదలచుకున్న వాళ్లకు రెండు మాటలు. ఏప్రిల్, మే నెలల్లో గూళ్లు, పాటలు, ఆఫ్రికా నుంచి వచ్చే పిట్టలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో తరీఫా గద్దలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా క్రౌంచాలు, బాతులు, గాడ్‌విట్లు. జూలై మధ్యాహ్నం మాత్రం ఎండకు మనుషులూ పక్షులూ నీడ వదలరు. 8×42 బైనాక్యులర్స్ చాలు. ఉంగరాలు చదవాలంటే మాత్రం టెలిస్కోప్, దానికో ముక్కాలి స్టాండు కావాలి. గూడు దగ్గరికి వెళ్లకూడదు. ఫోన్‌లో పక్షి కూత వినిపించి దాన్ని రప్పించడం అసలే కూడదు.

ఏటా జనవరిలో ప్రపంచమంతటా నీటిపక్షులను ఒకేసారి లెక్కపెడతారు. 1967 నుంచి ఐరోపాలో సాగుతున్న ఈ లెక్క 1987లో ఆసియాకు వచ్చింది. ఎబ్రో గట్టు మీద నిలబడ్డ వాళ్లూ, పులికాట్ ఒడ్డున నిలబడ్డ వాళ్లూ చేసేది ఒకటే. గుంపులో ముందు పది పక్షులను వేలితో లెక్కపెడతారు, ఆ పది ఎంత మేర పరుచుకున్నాయో కంటితో కొలుస్తారు, ఆ కొలతతో వందకు, వెయ్యికి వెళతారు. జాతి పేరు, సంఖ్య, తేదీ, చోటు, నీటి మట్టం రాసి పంపుతారు. సమీపంలోని పక్షి సంఘానికి గానీ అటవీ శాఖ కార్యాలయానికి గానీ డిసెంబరులోనే పేరు ఇచ్చుకుంటే, కొత్తవాళ్లను అనుభవం ఉన్న వాళ్లతో జత చేసి తీసుకెళతారు.